నట్టుకు తాళం

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో రోడ్ల పక్కన పొట్టి ఇనుప కుళాయిలు ఉంటాయి. ఎక్కడైనా నిప్పంటుకుంటే అగ్నిమాపక దళం తన గొట్టాలను తగిలించుకునేది వాటికే. ఆ కుళాయి వాల్వును తిప్పే నట్టు ఆకారం విచిత్రంగా ఉంటుంది. చూడటానికి త్రిభుజమే, కాని మూడు భుజాలూ తిన్నగా లేక బయటికి ఉబ్బి ఉంటాయి. ఒక సమబాహు త్రిభుజం గీసి, ఒక్కో మూలలో కంపాసు ముల్లు గుచ్చి, మిగిలిన రెండు మూలల్నీ కలుపుతూ చాపం గీస్తే ఈ ఆకారం వస్తుంది. 19వ శతాబ్దపు జర్మన్ ఇంజనీరు ఫ్రాంజ్ రూలో పేరు దీనికి స్థిరపడింది. ఏ దిక్కు నుంచి కొలిచినా దీని వెడల్పు ఒకటే. మామూలు పానా నోట్లో రెండు దవడలూ సమాంతరంగా ఉంటాయి కదా. ఆ దవడల మధ్య ఈ నట్టును పట్టించి తిప్పితే పానా జారిపోతూ నట్టు చుట్టూ తిరుగుతుంది. నట్టు మాత్రం కదలదు.

అమెరికాలోని మరెన్నో ఊళ్లు ఇదే పనిని ఐదు పలకల నట్టుతో చేయించుకుంటాయి. ఐదు పలకల్లో ఏ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. అందుకని రెండు దవడల పానాకు సరైన పట్టు దొరకదు. దారినపోయే వాళ్లు కుళాయి విప్పి నీళ్లు వదిలేయకుండా చేసుకున్న ఏర్పాటు ఇది. అగ్నిమాపక బండిలో మాత్రం దానికి సరిపోయే పానా ఎప్పుడూ ఉంటుంది. ఊరంతటికీ ఒకే ఆకారం, ఒకే పానా.

కారు చక్రానికి బిగించే తాళం నట్టు కూడా ఈ రేఖాగణితం మీదే ఆధారపడింది. పానాకు పట్టు దొరకనివ్వకపోవడమే దాని సూత్రం కూడా. కాని ఇక్కడ ఒకే బజారులో నిలిపిన పది కార్లకు పది ఆకారాలు ఉండవచ్చు, ఒక్కో కారుకు ఆ నట్లను విప్పే కీ సాధారణంగా ఒక్కటే ఇస్తారు. బొటనవేలంత లావుండే చిన్న ఉక్కు ముక్క అది. అది పోతే కారు యజమాని తన చక్రాన్ని తాను విప్పుకోలేడు. కొత్త కార్లలో చాలావాటికి ఈ నట్లు కంపెనీ నుంచే బిగించి వచ్చే బ్రిటన్‌లో ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు. అక్కడ రోడ్డు మీద ఆగిపోయిన బండ్లను ఆదుకునే ఏఏ, ఆర్ఏసీ సంస్థలు రెండూ, ఈ కీ బండిలో ఉందో లేదో ముందే చూసుకోమని తమ సభ్యులకు చెబుతుంటాయి. దొంగను ఆపడానికి పెట్టిన వస్తువు యజమానినే ఎందుకు ఇంతగా ఆపుతున్నదో తెలియాలంటే ముందు మామూలు నట్టు ఎలా వచ్చిందో, ఏం పని చేస్తుందో చూడాలి.

తొలినాటి కార్లకు చక్రం విప్పడం అన్న పనే ఉండేది కాదు. చక్రం ఇరుసుకే ఉండిపోయేది. పంక్చరైతే రోడ్డు పక్కన కూర్చుని, ఇనుప కడ్డీలతో టైరును రిమ్ము నుంచి ఊడబెరికి, ట్యూబుకు అతుకు వేసుకోవలసి వచ్చేది. 1904లో వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో డేవీస్ సోదరులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని ఒక రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరైన చక్రానికే పక్కనుంచి క్లాంపులతో బిగించేవారు. వాళ్ల దుకాణం ఉన్నది స్టెప్నీ స్ట్రీట్‌లో. మన డిక్కీలోని స్టెప్నీకి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ తర్వాత చక్రం మొత్తాన్నీ విప్పి మార్చే పద్ధతులు వచ్చాయి, నాలుగైదు నట్లు విప్పితే చక్రం చేతికొచ్చే ఏర్పాటు లోకమంతటా స్థిరపడింది. యజమానికి పది నిమిషాల్లో అయ్యే పని దొంగకూ పది నిమిషాల్లో అవుతుంది. చక్రాలు మామూలు ఉక్కువి అయినంత కాలం వాటి మీద ఎవరికీ పెద్దగా ఆశ లేదు. తళతళలాడే అల్యూమినియం మిశ్రమపు చక్రాలు, అంటే అల్లాయ్ వీల్స్, ఖరీదైన కార్ల నుంచి మామూలు కార్లకు దిగిన కొద్దీ దొంగల కన్ను వాటి మీద పడింది. ఢిల్లీ వంటి మన నగరాల్లోనూ, రాత్రి వీధిలో నిలిపిన కారు తెల్లారేసరికి చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉన్న ఫొటోలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి.

బోల్టు అడ్డం పడి చక్రాన్ని పట్టి ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. బరువంతా బోల్టు కాడల మీద వేలాడుతుందని వాళ్ల ఊహ. నిజానికి నట్టు చేసే పని వేరు. అది బోల్టును లాగుతుంది. లాగబడిన బోల్టు తిరిగి తన పొడవుకు రావాలని చూస్తుంది, ఆ ప్రయత్నంలో చక్రాన్ని, అది కూర్చునే హబ్బు ముఖానికి గట్టిగా అదిమి పెడుతుంది. అలా అదిమిన రెండు లోహపు ముఖాల మధ్య పుట్టే ఘర్షణే బండి బరువునూ, బ్రేకు తాకిడినీ, మలుపుల్లో వచ్చే ఒత్తిడినీ మోస్తుంది.

దీన్ని లెక్కలో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. చిన్న కార్లలో 12 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల మర దూరం ఉన్న బోల్టులు చాలా సామాన్యం. వాటిని సుమారు 100 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగిస్తారు. అంటే 30 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 34 కిలోల బరువుతో నొక్కినంత. పొడి మరలకు ఇంజనీర్లు వాడే మామూలు సూత్రం ప్రకారం ఈ తిప్పుడు వల్ల బోల్టులో పుట్టే లాగుడు సుమారు 42 వేల న్యూటన్లు, అంటే నాలుగు టన్నులకు పైన. నాలుగు నట్లు కలిపితే ఒక్కో చక్రాన్ని హబ్బుకు అదిమే బలం పదహారు టన్నులు దాటుతుంది. ఆ కారు మొత్తం బరువు ఒక టన్ను అటూ ఇటూ ఉంటుంది! ఇంత లాగుడుకు బోల్టు సాగేది ఎంతో తెలుసా? పట్టులో ఉన్న భాగం పొడవు సుమారు 3 సెంటీమీటర్లనుకుంటే, అది సాగేది ఒక మిల్లీమీటరులో నూరింట ఆరేడు వంతులు, దాదాపు తలవెంట్రుక మందం. మన ప్రాణాలు ఆ వెంట్రుక మందపు సాగుదల మీద ఆధారపడి రోడ్డు మీద పరుగెడుతున్నాయి. ఈ విషయం ఒకసారి మనసుకెక్కితే చక్రపు నట్టును ఇక ఎవరూ తేలిగ్గా చూడలేరని నా నమ్మకం.

ఇదే లెక్కలో ఇంకొక సంగతి దాగి ఉంది. ఘర్షణే లేకపోతే ఆ 42 వేల న్యూటన్ల లాగుడు తేవడానికి 10 న్యూటన్ మీటర్లు చాలు. మనం పెట్టినది 100. మిగిలిన 90 ఎక్కడికి పోయాయి? సగానికి పైగా నట్టు తాను కూర్చునే గూటి మీద రాసుకోవడంలో, తక్కినది మరల మధ్య రాపిడిలో ఖర్చయ్యాయి. విప్పేటప్పుడు ఆ 90 మళ్లీ కట్టాల్సిందే. సాగిన బోల్టు తిరిగి కుదించుకోవాలని చూస్తుంది గనుక ఆ 10 మాత్రం మనకు సాయం చేస్తాయి. కాబట్టి కొత్త నట్టును 100తో బిగిస్తే సుమారు 80తో విప్పవచ్చు. తుప్పు పట్టకుండా ఉన్నప్పటి మాట ఇది. తుప్పు పట్టాక లెక్క యజమాని చేతిలో ఉండదు.

ఇప్పుడు తాళం సంగతి. మామూలు నట్టుకు ఆరు పలకలు, మూడు సమాంతర జతలు. ఏ పానా అయినా పట్టుకుంటుంది. సాకెట్ అయితే ఆరు మూలలనూ చుట్టూ కమ్ముకుని, మందపాటి గోడలతో తిప్పుతుంది. తాళం నట్టుకు బయటి పలకలు ఉండవు. తల గుండ్రంగా ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ దొరకదు. కొన్నింటికి తల చుట్టూ వదులుగా తిరిగే ఒక ఉక్కు గాజు కూడా ఉంటుంది. పైపు పానాతోనో, దిగ్గొట్టిన సాకెట్‌తోనో పట్టుకోబోతే ఆ గాజు ఒక్కటే గిరగిరా తిరుగుతుంది, లోపలి నట్టు కదలదు. నట్టు ముఖం మీద మాత్రం ఒక వంకర గాడి ఉంటుంది. పూరేకుల్లా, అలల్లా, ఒక్కో నట్ల సెట్టుకు ఒక్కో తీరు. కీ ముఖం మీద ఆ గాడికి సరిపోయే ఉబ్బు గీత ఉంటుంది. అది గాడిలో కూర్చుంటుంది, కీ రెండో చివరకున్న ఆరు పలకలకు మామూలు వీల్ స్పానర్ తగిలించి తిప్పుతారు. ఇటువంటి నట్లకు పేరుపడ్డ అమెరికన్ కంపెనీ మెక్‌గార్డ్ 1964 నుంచీ ఈ వ్యాపారంలో ఉంది.

అసలు ఇబ్బంది ఈ నిర్మాణంలోనే ఉంది. దీన్ని మెకానిక్కుల అజాగ్రత్త అనో, యజమానుల మతిమరుపు అనో కొట్టివేయడం సరికాదు. తాళానికి కావలసినవి సన్నని, చిక్కని వివరాలు. గీతలు ఎంత సన్నగా, ఎంత తేడాగా ఉంటే అన్ని రకాల కీలు చేయవచ్చు. అమెరికాలో లైనస్ యేల్ 1860లలో రూపుదిద్దిన పిన్నుల తాళాన్నే తీసుకోండి. ఐదు పిన్నులకు పదేసి ఎత్తులు పెడితే, సిద్ధాంతరీత్యా లక్ష రకాల కీలు వస్తాయి. దాన్ని తిప్పడానికి రెండు వేళ్లు చాలు, కాబట్టి కీ పళ్లు ఎంత సన్నగా ఉన్నా విరగవు. నట్టుకు కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాన్ని ఒళ్లంతా బలం పెట్టి తిప్పాలి, కాబట్టి పట్టు మొద్దుగా, వెడల్పుగా, మందంగా ఉండాలి. గాడి నట్టు మధ్య నుంచి ఏడు మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 100 న్యూటన్ మీటర్లు అక్కడ మోపే బలం దాదాపు 1.5 టన్నులు. రెండు మిల్లీమీటర్ల వెడల్పు గీత ఆ బరువంతా మోయాలి. ఆ గీతను ఇంకా సన్నం చేసి లక్ష రకాలు తేవడం కుదరని పని. అందుకే కార్ల కంపెనీలు ఇచ్చే నట్లలో చాలా శ్రేణులకు కొన్ని పదుల నమూనాలే ఉంటాయి. ఒక శ్రేణిలోని నమూనాలన్నీ కలిపి ఒక పెట్టెలో పెడితే, ఆ కంపెనీ కార్లలో ఎన్నింటినో విప్పవచ్చు. అలాంటి మాస్టర్ పెట్టెలు గ్యారేజీల కోసం తయారవుతాయి, బజారులో దొరుకుతాయి కూడా. తాళంగా చూస్తే ఇది బలహీనం. నట్టుగా చూసినా బలహీనమే. రెండు పనులు ఒకే ముక్కకు అప్పజెప్పడంతో రెండూ సగం సగమే అయ్యాయి.

ఉక్కు గట్టిదనం దీన్ని ఇంకొంత చిక్కు చేస్తుంది. దొంగ డ్రిల్లు పెట్టకుండా ఈ నట్ల పైపొరను బాగా గట్టిపరుస్తారు. ఉక్కు పైపొరలోకి కార్బన్ ఎక్కించి, ఎర్రగా కాల్చి చల్లార్చే పాత పద్ధతే ఇది. అలా చేసిన పైపొర మీద మామూలు డ్రిల్లు బిట్టు నిలవదు. కీని కూడా గట్టిపరచాల్సిందే, లేకపోతే మొదటి వాడకంలోనే దాని గీత నలిగిపోతుంది. కాని ఉక్కు గట్టిదనం పెరిగిన కొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది. నిదానంగా పెంచుతూ పోయే బలాన్ని ఆ గీత తట్టుకుంటుంది, సుత్తి దెబ్బ లాంటిది పడితే పగులుతుంది.

టైర్ల షాపులో పడేది ఆ సుత్తి దెబ్బే. అక్కడ నట్లు బిగించేదీ, విప్పేదీ ఎయిర్ గన్‌తో. దానిలో ఒక చిన్న బరువు గిర్రున తిరుగుతూ సెకనుకు ఎన్నో సార్లు గన్ కొనలోని ఇరుసును కొడుతుంది. టకటకమనే ఆ చప్పుడు ఈ దెబ్బలదే. అరంగుళం ఎయిర్ గన్లకు 500 న్యూటన్ మీటర్లకు మించిన బలం చాలా మామూలు. ఎంత బిగించాలన్నది గన్ పట్టినవాడి చెవికీ, ఓపికకూ వదిలేసిన సంగతి. వరుసలో నాలుగు బండ్లు ఎదురుచూస్తుంటే ఇంకొక సెకను గన్ నొక్కి పట్టడం వాడికి భద్రతగానే కనిపిస్తుంది. అలా 100 బదులు 250 దాకా బిగిసిన నట్టు, తుప్పు పట్టకపోయినా, విప్పడానికి 200 అడుగుతుంది. ఏడు మిల్లీమీటర్ల దగ్గర అది మూడు టన్నులకు దగ్గర పడుతుంది. తాళం నట్లు చేసే కంపెనీలే తమ కీ మీద ఎయిర్ గన్ వాడవద్దని రాసి ఇస్తాయి. ఆ కాగితం కొత్త కారుతోపాటు వచ్చి పుస్తకాల సంచిలో ఉండిపోతుంది, టైర్ల షాపు దాకా పోదు.

తుప్పు విషయంలో బ్రిటన్ వాతావరణం మరీ కఠినం. చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు చక్రం లోపలి సందుల్లోకి చేరుతుంది. అల్యూమినియం చక్రం, ఉక్కు హబ్బు, మధ్యలో ఉప్పునీరు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే బ్యాటరీలో జరిగే రసాయన చర్యే ఇక్కడా నడుస్తుంది, అల్యూమినియం కరుగుతూ తెల్లని పొడిగా మారుతుంది. మరల్లో ఉక్కు తుప్పు పడితే, ఆ తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. ఖాళీ లేని మరలో చోటు కోసం తోసుకునే తుప్పు నట్టును ఇంకా ఇరికిస్తుంది. మన విశాఖపట్నం, కాకినాడల్లో సముద్రపు గాలికి నిలిపిన కార్ల మీద కూడా ఉప్పు ఇదే పని చేస్తుంది. దీనికి తోడు తాళం గాడిలో బ్రేకు పొడి, బురద చేరి గట్టిపడతాయి. ఆ మురికి మీద కీ పెట్టి తిప్పితే గీత గాడిలో అడుగుదాకా కూర్చోదు. అంచుల మీదే బలం పడుతుంది, అంచు నలుగుతుంది, కీ జారుతుంది. ఒకసారి జారిన గాడి ఆ తర్వాత ప్రతిసారీ జారుతుంది.

ఇవన్నీ కీ ఉన్నప్పటి కష్టాలు. కీ లేకపోవడం ఇంకా మామూలు సంగతి. అది పోయే దారి దాదాపు ఎప్పుడూ ఒకటే. టైర్ల షాపులో మెకానిక్ తన సాకెట్‌లో కీ పెట్టి నాలుగు చక్రాలూ విప్పుతాడు, పని పూర్తవుతుంది, కీ ఆ సాకెట్‌లోనే ఉండిపోతుంది, తర్వాతి బండికి ఆ సాకెట్ తీసుకుపోతాడు. యజమానికి బిల్లూ, కారు తాళమూ అందుతాయి. ఈ కీ సంగతి ఇద్దరికీ గుర్తుండదు. రెండు మూడేళ్ల తర్వాత పంక్చర్ పడే దాకా తెలియదు కూడా. ఈలోగా ఆ కారు చేతులు మారి ఉంటే, కొన్నవారికి అలాంటి కీ ఒకటుండాలని కూడా తెలియకపోవచ్చు. చదువుకో, ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లి, మొదటి నెలల్లోనే సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కునే మన తెలుగువాళ్లకు ఇది తప్పక తెలియవలసిన సంగతి. ఇక్కడ మనం నడిపిన కార్లలో చాలావాటికి అలాంటి నట్లే ఉండవు. వీధి చివర పంక్చర్ షాపువాడు తన పానాతో ఏ చక్రమైనా విప్పేస్తాడు. అక్కడ రాత్రిపూట మోటార్‌వే పక్కన కారు ఆగినప్పుడు, సాయానికి వచ్చిన మనిషి మొదట అడిగే ప్రశ్నల్లో ఈ కీ ఎక్కడుందన్నది ఒకటి. పైగా ఇప్పటి కార్లలో చాలావాటికి స్టెప్నీ కూడా ఇవ్వడం లేదు, దాని బదులు జిగురు ద్రవం సీసా, చిన్న గాలి పంపు ఇస్తున్నారు. ఆ జిగురు టైరు నేలను తాకే భాగంలో పడ్డ చిన్న రంధ్రాన్ని పూడుస్తుంది. టైరు పక్కగోడ చిరిగితే దానివల్ల ఏమీ కాదు, చక్రం విప్పాల్సిందే.

కీ లేకుండా విప్పడానికి దారులు లేకపోలేదు. మాస్టర్ పెట్టెలో సరిపోయే నమూనా దొరికితే అన్నిటికంటే మేలు. లేకపోతే నట్టు తల కన్నా కొంచెం చిన్న సాకెట్‌ను సుత్తితో దిగ్గొట్టి తిప్పుతారు. లోపల ఎడమ మెలిక పళ్లున్న ప్రత్యేక సాకెట్లు కూడా ఉన్నాయి. విప్పే దిశలో తిప్పిన కొద్దీ అవి తలలోకి ఇంకా కొరుక్కుంటాయి. చుట్టూ తిరిగే గాజు ఉంటే ముందు దాన్ని చీల్చి తీయాలి. అదీ సాగకపోతే నట్టు ముఖం మీద మరో నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ వేడికి తుప్పు పట్టు కూడా వదులుతుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. కాని అల్లాయ్ చక్రానికి బలం వచ్చింది సుమారు 150 నుంచి 180 డిగ్రీల దగ్గర గంటల తరబడి మగ్గబెట్టడం వల్ల. వెల్డింగ్ మంట దాన్ని అంతకు మించి వేడెక్కిస్తే ఆ చోట లోహం మెత్తబడుతుంది. చేయి తిరిగిన మనిషి కాకపోతే ఈ పని చేయించకూడదు. అన్నిటికన్నా చివరిది డ్రిల్లింగ్, దానికి టంగ్‌స్టన్ కార్బైడ్ బిట్టు, బోలెడు ఓపిక కావాలి.

ఈ పనిముట్లన్నీ మెకానిక్ దగ్గరున్నట్టే దొంగ దగ్గరా ఉండవచ్చు. అప్పుడు ఈ తాళం వల్ల ఉపయోగం ఏమిటన్న ప్రశ్న రాకమానదు. ఉపయోగం ఉంది. మెకానిక్‌కు పగలంతా ఉంది, సుత్తి మోగించే హక్కూ ఉంది. దొంగకు ఆ రెండూ లేవు. పది నిమిషాల పని అరగంట అయి, నిశ్శబ్దంగా అయ్యే పని మోత పెట్టేదైతే అతను పక్క కారు చూసుకుంటాడు. వీధిలో నిలిపే ఖరీదైన చక్రాల కారుకు ఈ ఆలస్యం విలువైనదే. కాని ఇంటి గేటు లోపల నిలిపే, మామూలు చక్రాలున్న, పదేళ్లు దాటిన కారుకు అదే నట్టు ఏ లాభమూ లేని బరువు. అలాంటి కారుకు కీ చేతిలో ఉండగానే, చక్రానికొకటి చొప్పున ఉన్న నాలుగు తాళం నట్లూ విప్పించి, కంపెనీ ఇచ్చే మామూలు నట్లు వేయించుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం. తాళం నట్లు ఉండాలన్న షరతు ఇన్సూరెన్స్ పాలసీలో ఉందేమో ముందు చూసుకోవాలి.

మార్పించేటప్పుడైనా, కొత్తగా తాళం నట్లు వేయించేటప్పుడైనా ఒక్క విషయంలో రాజీ పడకూడదు. నట్టు కూర్చునే గూడు ఆకారం కార్లన్నిటికీ ఒకటి కాదు. కొన్ని కార్లకు 60 డిగ్రీల శంకువు ఆకారం. హోండా కార్లలో చాలావాటికీ, ఫోక్స్‌వాగన్‌కూ గోళాకారం. మరికొన్నింటికి అడుగున వాషరుతో చదునైనది. శంకువు గూట్లో గోళపు నట్టు బిగిస్తే అది గూటిని సన్నని గీత మేరకే తాకుతుంది. టార్క్ రెంచి 100 చూపిస్తుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది. కాని నడిచిన కొద్దీ ఆ గీత నలిగి, తలవెంట్రుక మందపు సాగుదల కాస్తా పోతుంది. అలా పట్టు తగ్గిన మరకు ఏమవుతుందో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగం చేసి చూపించాడు. బోల్టుకు అడ్డంగా వచ్చే చిన్న చిన్న కదలికలకు పట్టు తప్పిన మర తనంతట తానే వదులవుతుంది. మరలకు నూనె పూయడంలో కూడా ఇలాంటి ప్రమాదమే ఉంది. నూనెతో ఘర్షణ తగ్గుతుంది, అదే 100 న్యూటన్ మీటర్లకు బోల్టు మూడోవంతు ఎక్కువ సాగవచ్చు. కంపెనీ పొడి మరకు లెక్కగట్టి ఇచ్చిన అంకె అప్పుడు తప్పవుతుంది.

చక్రం విప్పేటప్పుడు తాళం నట్టుతోనే మొదలుపెట్టండి. మిగతా నట్లు బిగుతుగా ఉండి చక్రం తిన్నగా ఉన్నప్పుడే అది వంకర పడకుండా వస్తుంది. ముందు గాడిని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, కీ అడుగుదాకా కూర్చుందో లేదో వేలితో కదిపి చూడండి. చేతి పానాతోనే విప్పించండి, బిగించేటప్పుడు టార్క్ రెంచి అడగండి. షాపువాడు విసుక్కున్నా సరే, అది మీ చక్రం, అడిగే హక్కు మీకుంది. ఏడాదికోసారి నాలుగు తాళం నట్లూ ఒకసారి వదులు చేసి మళ్లీ బిగిస్తే తుప్పు పాతుకుపోదు. కీ మీదనో, దానితో వచ్చిన కార్డు మీదనో ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ఉంటే డీలర్ ద్వారా కొత్త కీ తెప్పించుకోవచ్చు, అది లేకపోతే నట్టు ముఖం ఫొటో చూపి నమూనా వెతికించాలి. టైర్ల షాపు నుంచి బయలుదేరే ముందు డబ్బు కట్టి కారు తాళం తీసుకునేటప్పుడే ఈ కీ కూడా అడిగి తీసుకోండి. పాత కారు కొనేవాళ్లయితే బేరం కుదరకముందే డిక్కీ తెరిపించి, ఈ కీ చూపించమనండి. చూపించలేకపోతే ఆ నట్లు తీయించి ఇమ్మనండి, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.